ఎవరి సోళ్లు ఎవరి కాళ్లకింద

తన బూట్లలో ఏదైనా వణుకుతోందో లేదో సలోమికి వారం గడిచినా అంతుపట్టలేదు.

పొద్దున్నే వరండా మెట్టుమీద కూర్చుని ఆ నల్లటి గుడ్డబూట్లు తొడుక్కునేది. లేసులు బిగించి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, కళ్లు మూసుకుని ధ్యాసంతా అరికాళ్లమీద పెట్టేది. ఒకరోజు ఎడమ మడమ దగ్గర చిమచిమలాడినట్టు ఉండేది. మర్నాడు అదీ ఉండేది కాదు. ముప్ఫయ్యారేళ్లు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. జవాబుందో లేదో తెలియని లెక్కని రోజంతా కాళ్లకింద పెట్టుకు తిరగడం ఆవిడకి మింగుడుపడలేదు.

"ఛార్జింగ్ పెట్టేనండి అత్తయ్యగారూ. పచ్చలైటు కూడా వచ్చింది," అంది కోడలు క్రిస్టీనా.

"లైటు అందరికీ వస్తుందంటమ్మా. వణికేవాటికీ వస్తుంది, వణకనివాటికీ వస్తుంది. అదే కదా చిక్కు!"

ఆ చిక్కు మొదలైంది జనవరిలో. అంతకుముందు ఏడు నెలల్లో సలోమి రెండుసార్లు పడింది. ఒకసారి పెరట్లో నూతి గచ్చుమీద, రెండోసారి చర్చి మెట్లమీద, ఆదివారం ఆరాధన అయి జనమంతా బయటికొస్తున్నప్పుడు. ఎముక విరగలేదు. డెబ్భైమూడేళ్ల వయసులో అది దేవుడి కృప అన్నారు పాస్టరుగారు. కానీ రెండోసారి పడ్డాక సలోమికి నేలమీద నమ్మకం పోయింది. గదిలోంచి వంటింట్లోకి వెళ్లాలన్నా గోడ తడుముకునేది. వీధిలోకి వెళ్లడం మానేసింది. కాలవ అవతల ఉన్న అచ్చమ్మగారింటికి వారానికి రెండుసార్లు వెళ్లే మనిషి, ఆ వంతెన గుర్తొస్తేనే కుర్చీలో ఇంకా వెనక్కి జరిగేది.

అప్పుడే మలికిపురం కమ్యూనిటీ హాలుకి ఫిజియోథెరపీ కాలేజీనుంచి హేమ అనే డాక్టరమ్మ వచ్చింది. అరవైఐదు దాటినవాళ్లలో ఈమధ్య పడినవాళ్లనీ, పడతామని భయపడేవాళ్లనీ నలభైమందిని పోగుచేసింది. సలోమిని కొడుకు శామ్యూల్ ఆటోలో తీసుకెళ్లాడు. అచ్చమ్మని వాళ్ల పాలేరు తీసుకొచ్చాడు. నెల రోజుల తరవాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే.

"వయసు పెరిగేకొద్దీ అరికాళ్లకి స్పర్శ మందగిస్తుందండి," అని హేమ అందరికీ వివరించింది. "ఒంటి బరువు ఎటు ఒరుగుతోందో కాళ్లు ఆలస్యంగా కనిపెడతాయి. ఆలోపల మనిషి తూలిపోతారు. బూట్ల లోపల పాదం కింద పరిచే ఈ సోళ్లలో చిన్నచిన్న యంత్రాలున్నాయి. మీకు తెలియనంత సన్నగా వణుకుతాయి. ఆ వణుకుకి అరికాళ్లు మేలుకుంటాయేమో చూద్దామని."

"తెలియనంత సన్నగా వణికితే, వణుకుతున్నట్టు ఎలా తెలుస్తుందమ్మా?" అని సలోమి అడిగింది.

"తెలియదండి టీచరుగారూ. ఇంకో మాట కూడా ముందే చెప్పేయాలి. మీలో ఇరవైమందికి వణికేవి, ఇరవైమందికి ఉత్తవి. ఎవరికేవి వచ్చేయో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ జాబితాకి సీలు వేసి కాలేజీలో పెట్టేరు. ఎనిమిది వారాలయ్యాక విప్పుతారు."

"అయితే సగంమందిని ఊరికే నడిపిస్తారన్నమాట."

"ఉత్తవి వేసుకున్నవాళ్లు కూడా ఉండాలండి. లేకపోతే వణుకువల్ల నడక బాగుపడిందో ఇంకోదానివల్ల బాగుపడిందో చెప్పలేం."

లెక్కల టీచరుకి అది సబబుగానే తోచింది. సంతకం పెట్టింది. సోళ్ల అడుగున తెల్లటి అంకె వేసి ఉంది. సలోమికి పద్దెనిమిది వచ్చింది. లైనులో ముందు నిలబడ్డ అచ్చమ్మకి పదిహేడు వచ్చింది.

అచ్చమ్మది కొబ్బరితోటలున్న కుటుంబం. సలోమికంటే రెండేళ్లు పెద్ద. భర్త పోయి పదేళ్లయింది. సలోమి తల్లి మరియమ్మ ఒకప్పుడు అచ్చమ్మ అత్తవారి చేలలో ఊడ్పులకి వెళ్లేది. వాళ్ల వీధి మొదట్లోకి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వీధి చివర మళ్లీ తొడుక్కునేది. తల్లి కొంగు పట్టుకుని వెనకాల నడిచిన సలోమికి అది బాగా గుర్తు. తరవాత తను టీచరై, అచ్చమ్మ కొడుకులిద్దరికీ పదో తరగతి లెక్కలు చెప్పడానికి చెప్పులతోనే ఆ వీధిలో నడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. అచ్చమ్మే హాల్లో కుర్చీ వేసి, ఫ్యాను తనవైపు తిప్పింది. పిల్లలు గట్టెక్కారు, స్నేహం మిగిలింది. నలభై ఏళ్లలో ఆ చెప్పుల మాట మాత్రం ఇద్దరిమధ్యా ఎన్నడూ రాలేదు.

ప్రతి శనివారం హాల్లో పరీక్ష ఉండేది. కుర్చీలోంచి లేచి, నేలమీద అంటించిన ఎర్ర టేపు దాకా మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో హేమ రాసుకునేది. మొదటి శనివారం సలోమికి పంతొమ్మిది, అచ్చమ్మకి పదిహేను. రెండో వారం కూడా అంతే.

కానీ అచ్చమ్మ సంబరం చూడాలి. "చీమలు పాకినట్టు ఉందండి టీచరుగారూ! బొటనవేలినుంచి మడమదాకా ఒకటే పాకుడు. మీకూ అలాగే ఉందా అండి?"

"నాకేమీ లేదండి. ఉత్తవే వచ్చినట్టున్నాయి."

అచ్చమ్మ మొహం అప్పుడెందుకో చిన్నబోయింది. సలోమి దాన్ని పట్టించుకోలేదు. తెలియనంత సన్నగా అని డాక్టరమ్మ చెప్పాక ఈవిడకి ఎలా తెలుస్తోంది? తెలిసిందంటే యంత్రం పాడైందనా? లేక వణికేవాటిలోనే కొన్ని గట్టిగా వణుకుతాయా? ఆటోలో దారిపొడుగునా ఇదే ఆలోచన.

బూట్లతో ఇంకో తంటా. రోజుకి ఆరు గంటలైనా వేసుకోవాలని హేమ చెప్పింది. ఇంట్లోకి బూట్లతో ఎలా వెళ్తారు? "కాళ్ల వైద్యం కదండీ, పర్వాలేదు," అని క్రిస్టీనా ఎంత చెప్పినా సలోమి గడప దగ్గర విప్పేసేది. చర్చిలోకి వేసుకొచ్చెయ్యమని పాస్టరుగారు స్వయంగా చెప్పినా మనసొప్పక బయటే వదిలింది. అందుకని ఆ ఆరు గంటలూ వరండాలోనూ వాకిట్లోనూ గడపాల్సి వచ్చింది. పోయేవాళ్లంతా ఆగి, చీరకింద ఆ బూట్లేమిటని అడిగేవారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పేది. విన్నవాళ్లంతా చివర్న ఒకటే అడిగేవారు: "అయితే మీవి వణికేవాండి, కావాండి?"

మూడో శనివారం పంతొమ్మిది పోయి పద్దెనిమిది వచ్చింది. ఆ ఒక్క సెకను నిజంగా తగ్గిందో, హేమ బొత్తాం ముందు నొక్కిందో తెలియలేదు.

ఆ మర్నాడు సాయంత్రం అచ్చమ్మ తనంతట తనే నడిచి సలోమి ఇంటికొచ్చింది. ఇద్దరూ బూట్లు వరండాలోనే విప్పారు. సలోమి టీ పెట్టించడానికి లోపలికెళ్లి, గోడ పట్టుకుంటూ పది నిమిషాలకి తిరిగొచ్చేసరికి అచ్చమ్మ తన బూట్ల లేసులు కట్టుకుంటోంది. వంగి లేచిన మొహం ఎర్రగా ఉంది.

"అప్పుడే వెళ్లిపోతారా? టీ వస్తోంది, ఉండండి."

"ఆయ్, తాగే వెళ్తానండి. తాగేక మీరు కూడా రావాలి. కాలవగట్టుమీద కాస్త నడుద్దాం."

"నావల్ల కాదండి అచ్చమ్మగారూ."

"ఎందుక్కాదు? మీవి వణుకుతున్నాయి. మీకు తెలియట్లేదంతే. నా మాట నమ్మండి."

ఆ మాట అంత గట్టిగా ఎలా అందో సలోమికి బోధపడలేదు. అయినా వెళ్లింది. మొదటిరోజు నాలుగు కొబ్బరిచెట్ల దూరం నడిచి వెనక్కొచ్చింది. అచ్చమ్మ చెయ్యి పట్టుకోలేదు, పక్కనే నడిచింది. మర్నాడు మళ్లీ అయిదింటికి వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఒకరోజు సలోమి తలనొప్పని వంక పెడితే, తగ్గేదాకా కూర్చుంటానని వరండాలో కుర్చీ లాక్కుంది. వారం తిరిగేసరికి వంతెన దాకా వెళ్లారు. ఇంకో వారానికి వంతెన దాటి, అచ్చమ్మ వాకిట్లో కూర్చుని మజ్జిగ తాగి వచ్చారు.

అయిదో శనివారం పదిహేను సెకన్లు. ఏడో శనివారం పదమూడు. హేమ అంకె రెండుసార్లు చూసుకుని రాసింది. అప్పటినుంచీ సలోమికి అరికాళ్లలో ఏదో తెలుస్తోంది. చీమలు కాదు గానీ, సన్నగా, మెత్తగా, ఎవరో చిటికెనవేలితో రాస్తున్నట్టు. వణికేవే తనకి వచ్చాయని తేల్చేసుకుంది. ఇంట్లో గోడ పట్టుకోవడం మానేసిందని శామ్యూల్ చెప్పేదాకా తను గమనించనేలేదు.

ఎనిమిదో శనివారం ఆఖరు. సలోమికి పన్నెండు, అచ్చమ్మకి పద్నాలుగు. అందరి సోళ్లూ తీసి అడుగున ఉన్న అంకె చూసి పెట్టెలో పెడుతున్న హేమ, ఒక జత దగ్గర ఆగిపోయింది.

"టీచరుగారూ, మీది పద్దెనిమిది కదండీ? ఇది పదిహేడు."

సలోమి కళ్లజోడు సవరించుకుని చూసింది. పదిహేడే. హేమ అచ్చమ్మ బూట్లలోవి తీసింది. పద్దెనిమిది.

"మారిపోయేయి! ఎప్పుడు మారేయో చెప్పగలరా?"

చర్చి బయటా? అక్కడికి అచ్చమ్మ రాదు. ఛార్జింగ్ పెట్టేటప్పుడు క్రిస్టీనా పొరబడిందా? క్రిస్టీనా దగ్గర ఉన్నది ఒక్క జతే. బూట్లు తన బూట్లే, ఎడమ లేసు చివర ఊడిన ప్లాస్టిక్కు కూడా అలాగే ఉంది. బూట్లు మారకుండా లోపలి సోళ్లు ఎలా మారతాయి? ఎటు తిప్పినా లెక్క కుదరలేదు. అచ్చమ్మ వైపు చూసింది. అచ్చమ్మ నేల చూపులు చూస్తోంది.

"బాగా ఆలోచించి చెప్పండి," అని హేమ ఇంకొకరి దగ్గరికి వెళ్లింది.

ఇద్దరూ హాలు బయటికొచ్చి నీడలో నిలబడ్డారు. అప్పుడు అచ్చమ్మ చెప్పింది.

"నేనే మార్చేనండి టీచరుగారూ. ఆ ఆదివారం మీరు టీకి లోపలికెళ్లినప్పుడు. నావి మీ బూట్లలో పెట్టి, మీవి నేను వేసుకున్నాను."

"ఎందుకండీ?"

"నావి వణుకుతున్నాయి కదండీ. మీకేమీ తెలియట్లేదన్నారు. పడింది మీరు. నేను పడతానేమోనని భయపడ్డాను గానీ పడలేదు. మంచివి నా దగ్గరుంచుకుని ఏం చేసుకోనండి? మీరు మా ఇంటికి రావడమే మానేసేరు."

సలోమి చెవులు వేడెక్కాయి. ఎనిమిది వారాల పని. నలభైమంది లెక్క. "మీరెలా మారుస్తారండి? ఇది పరీక్షండి! పరీక్షలో కాగితాలు మార్చుకుంటారా ఎవరైనా?" అంది. గొంతు తను అనుకున్నదానికంటే పైకి లేచింది. మెట్లమీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు తిరిగి చూశారు.

అచ్చమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ చేతులవైపు చూస్తే సలోమికి ఇంకో ఆలోచన వచ్చింది. అమ్మ ఊడ్పులకి వెళ్లిన ఆ ఇంటి కోడలు, తన వరండాలో నేలమీద వంగి, తను విప్పిన బూట్లలో చెయ్యి పెట్టి, తన చెమట అంటిన సోళ్లు పైకి లాగి, ఆవిడ కాళ్లకింద పెట్టుకుంది. అమ్మకి ఈ మాట చెబితే నమ్మేదా? కోపం పోలేదు. దాని పక్కనే ఇంకేదో వచ్చి నిలబడింది.

చివరికి, "పదండి, చెప్పేద్దాం," అంది.

"తిడతారేమోనండి."

"తిట్టనివ్వండి."

హేమ తిట్టలేదు. అంతా విని, పుస్తకం తెరిచి రెండు పేర్లమీదా స్కేలు పెట్టి గీత గీసింది. "మిమ్మల్నిద్దర్నీ తీసెయ్యాలండి. ఏ వారం ఏవి వేసుకున్నారో తెలిసినా సరే, కలపకూడదు."

కాపీ కొట్టిన పిల్లల్ని పరీక్ష హాల్లోంచి లేపిన రోజులు సలోమికి గుర్తొచ్చాయి. వాళ్లు ఇలాగే నిలబడేవాళ్లు. "మరి నా పన్నెండు సెకన్లు ఏమైనట్టమ్మా?"

"అవి మీవేనండి, ఎక్కడికీ పోవు. నా లెక్కలోకి రావంతే."

వంతెన దగ్గర అచ్చమ్మ ఆటో దిగేటప్పుడు, "రేపు రానాండి?" అని అడిగింది. సలోమి తలూపింది. అది అవునని ఊపిందో కాదని ఊపిందో తనకే స్పష్టంగా తెలియదు. అచ్చమ్మ మాత్రం మర్నాడు అయిదింటికి వచ్చింది. సలోమి మామూలు చెప్పులు వేసుకుని బయల్దేరింది.

మూడు వారాల తరవాత హేమ ఫోను చేసింది. "జాబితా విప్పేరండి. మీరు లెక్కలో లేరు కాబట్టి మీకు చెప్పడానికి అభ్యంతరం లేదన్నారు. మొదట మీకిచ్చిన పద్దెనిమిది వణికేదండి. పదిహేడు ఉత్తది."

సలోమి కూర్చుంది. "ఇంకోసారి చెప్పమ్మా."

హేమ ఇంకోసారి చెప్పింది. సలోమి క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు రాసుకుంది. మూడు వారాలు వణికేవి వేసుకుంటే తగ్గింది ఒక్క సెకను. అయిదు వారాలు ఉత్తవి వేసుకుంటే తగ్గినవి ఆరు. అచ్చమ్మకి ఉత్తవాటితో ఏమీ తగ్గలేదు, వణికేవాటితో ఒకటి తగ్గింది. మొదటి మూడు వారాల వణుకు ఆలస్యంగా పనిచేసిందా? రోజూ కాలవగట్టుమీద నడవడంవల్లా? వణికేవే అని నమ్మడంవల్లా? పోనీ భయం దానంతటదే వదిలిందా? "ఇందులో ఏదమ్మా?"

"చెప్పలేనండి. అన్నీ కొంచెం కొంచెం కావచ్చు."

"పోనీ మిగతా ముప్ఫైఎనిమిదిమంది మాటేమిటి?"

"వణికేవి వేసుకున్నవాళ్లకి కాస్త మెరుగ్గానే ఉందండి. కానీ గట్టిగా చెప్పేంత తేడా లేదు. ఇంకా ఎక్కువమందితో చూడాలి."

సాయంత్రం వంతెనమీద నడుస్తూ అచ్చమ్మకి చెప్పింది. అచ్చమ్మ నడక ఆపేసింది. "అయితే మంచివి నేను లాక్కుని, ఉత్తవి మీకు అంటగట్టేనా? అయ్యో, టీచరుగారూ!"

"మీకేం తెలుసండి పాపం."

"మరి నాకు చీమలు పాకేయే! మీవి వేసుకోగానే ఆ పాకుడు ఆగిపోయింది కూడాను. అందుకే కదండీ, వణికేవి మీకు చేరేయని ధీమాగా ఉన్నాను."

సలోమికి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కళ్లు తడిశాయి. వంతెన పిట్టగోడ పట్టుకుని నవ్వింది. అచ్చమ్మకి ఆ నవ్వెందుకో తెలియలేదు. అయినా తనూ నవ్వింది. సైకిలుమీద పోతున్న మనిషి బెల్లు కొట్టి పక్కకి తప్పుకున్నాడు.

జూన్‌లో హేమ మళ్లీ వచ్చింది. ఈసారి నూరుమంది. సలోమినీ అచ్చమ్మనీ మళ్లీ చేర్చుకోవడానికి వీల్లేదు గానీ, పెద్దవాళ్లకి నచ్చజెప్పడానికి ఒకరుంటే బాగుంటుందని సలోమిని శనివారాలు రమ్మంది. సెకన్లు చూసే పని కూడా ఆవిడకే ఇచ్చింది.

మొదటిరోజు లైనులో ఉన్న ఆనందరావు అనే పెద్దాయన, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, బూట్లు చేత్తో పట్టుకుని సలోమి దగ్గరికొచ్చాడు. "నమస్కారమండి టీచరుగారూ. ఇవి మీకు పనిచేసేయాండి?"

సలోమి నోరు తెరిచింది. చేశాయి అందామంటే ఏవి చేశాయని చెప్పాలి? చెయ్యలేదు అందామంటే తను హాలు అవతలినుంచి ఏ గోడా పట్టుకోకుండా నడిచొచ్చి ఇక్కడ నిలబడింది. అందుకని మొదటినుంచీ మొదలుపెట్టింది. పదిహేడు, పద్దెనిమిది, టీ, లేసులు, అచ్చమ్మ, ఫోను. ఆనందరావు ఓపిగ్గా విన్నాడు. సగం దాటేసరికి ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి. పూర్తయ్యేసరికి బూట్లు కిందికి దించేశాడు.

"ఆయ్," అన్నాడు. "అయితే నన్ను ఏ నంబరు తీసుకోమంటారండి?"

"ఏదిస్తే అది తీసుకోండి. మీ పక్కావిడతో మాత్రం మార్చుకోకండి."

"నా పక్కన ఆవిడెవరూ లేరండి."

"అయితే రోజూ సాయంత్రం నడవండి."

ఆయనకి ఏం అర్థమైందో ఏమో, బుద్ధిగా తలూపి, వెళ్లి కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. సలోమి స్టాప్‌వాచీ సున్నాకి తెచ్చి ఎర్ర టేపు పక్కకి వెళ్లి నిలబడింది.